హెలికాప్టర్ లేవకముందు పోయే గంటల గురించి

జాతీయ సముద్ర అన్వేషణ, రక్షణ బోర్డు అధ్యక్షులకు, సభ్యులకు;
నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ అధికారులకు

అయ్యా,

నడిసముద్రంలో జబ్బుపడ్డ ఓడ మనిషిని ఒడ్డుకు చేర్చే పనిలో, మీ కంటికి అన్నిటికన్నా తక్కువగా ఆనే భాగం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. హెలికాప్టర్లు చాలడం లేదనో, కోస్ట్‌గార్డ్ ఆలస్యంగా వస్తోందనో ఫిర్యాదు చేసేవాళ్ళు వేరే ఉన్నారు. నేను మాట్లాడేది మీ దాకా కబురు రాకముందు జరిగే ఆలస్యం గురించి. ఓడకీ, కంపెనీ ఆఫీసుకీ, రేవులో ఓడ పనులు చూసే ఏజెంటుకీ మధ్య తిరిగే ఈమెయిళ్ళలో గంటలు కరిగిపోతాయి. ఆ గంటల్ని మీరు ఒక్క సర్క్యులర్‌తో చాలావరకు వెనక్కి తేగలరు.

నేను సరుకు ఓడల్లో సెకండ్ ఆఫీసర్‌గా చేసినవాణ్ణి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట మండలాల్లో ఓడెక్కిన కుర్రాడు లేని వీధి అరుదు. ఓడ సంగతి తెలియని పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి: సరుకు ఓడలో డాక్టరుండడు. అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం వంద మంది, అంతకుమించి మనుషులతో మూడు రోజులకు మించిన విదేశీ ప్రయాణం చేసే ఓడకే డాక్టరు తప్పనిసరి. ఇరవై, ఇరవై రెండు మందితో నడిచే బల్క్ క్యారియర్‌కి ఆ లెక్క వర్తించదు. అక్కడ మందుల బీరువా తాళంచెవి చాలా కంపెనీల్లో సెకండ్ ఆఫీసర్ జేబులోనే ఉంటుంది. చార్టులు దిద్దేదీ అతనే, సెలైన్ ఎక్కించేదీ అతనే. ఓడెక్కే ముందు చేసిన కొద్దిరోజుల వైద్య శిక్షణ కోర్సే అతని ఎంబీబీఎస్.

ఒకసారి బంగాళాఖాతం దాటి తూర్పుగా పోతుండగా మా ఫిట్టర్‌కి కడుపునొప్పి మొదలైంది. మా పక్క ఊరతనే. మొదట బొడ్డు చుట్టూ అన్నాడు, తెల్లవారేసరికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. నేను చేత్తో మెల్లగా నొక్కుతుంటే ఓర్చుకున్నాడు. చెయ్యి చటుక్కున తీసేసరికి మంచం పట్టీ బిగించి పట్టుకుని ‘ఓలమ్మో’ అని అరిచాడు. ఒళ్ళు కాలిపోతోంది. ఇది అపెండిక్స్ కావచ్చని ఆ కోర్సు చేసిన ఎవడికైనా తడుతుంది. కెప్టెన్‌కి చెప్పాను. ఆయన కంపెనీకి ఈమెయిల్ పెట్టాడు. కంపెనీ దాన్ని తాను ఒప్పందం కుదుర్చుకున్న వైద్య సేవకు పంపింది. అక్కడినుంచి ప్రశ్నల పట్టిక వచ్చింది, నింపి పంపాం. ఈలోగా, దారి మళ్ళిస్తే ఇంధనం ఎంతవుతుందని, ఓడని అద్దెకు తీసుకున్న చార్టరర్ తాలూకు మనిషి అడిగాడు. దగ్గర రేవులోని ఏజెంటేమో ఆసుపత్రి ఖర్చుకి ఎవరు పూచీ అన్నాడు. అడిగినవాళ్ళెవరూ దుర్మార్గులు కారు, ఎవరి డ్యూటీ వాళ్ళు చేసుకున్నారు. ఓడ మాత్రం అంతసేపూ తన దారిన తాను ఒడ్డుకి దూరంగా, గంటకి పన్నెండున్నర మైళ్ళు, పోతూనే ఉంది.

కర్టెన్ రాడ్డుకి కట్టిన సెలైన్ సీసా ఓడ ఊపుకి ఊగుతోంది. దానివంకే చూస్తూ ఫిట్టర్ అడిగాడు: “ఏటి సార్, ఓడ తిప్పీసినారా?” ఇంకా లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఎంఆర్‌సీసీకి, అంటే మీ సముద్ర రక్షణ సమన్వయ కేంద్రానికి, మొదటి కబురు మర్నాడు వెళ్ళింది. వెళ్ళాక పని ఎంత చకచకా సాగిందో చెప్తే మీకే గర్వంగా ఉంటుంది. డ్యూటీ ఆఫీసర్ మా పొజిషన్, వేగం, రోగి నాడి, జ్వరం అన్నీ అడిగి తెలుసుకుని, ఏ దిక్కుకి తిప్పాలో, బోటు ఎక్కడ ఎదురొస్తుందో చెప్పేశాడు. మనిషి బతికాడు. లోపలే పగిలిందని ఆపరేషన్ చేసిన డాక్టర్లు అన్నారట. చాలాకాలం మంచం దిగలేదు. మళ్ళీ ఓడెక్కలేదు. ఇప్పుడు పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో మెషీన్లు బాగుచేస్తున్నాడు.

ఇక్కడ కాస్త లెక్క వేసుకుందాం. ఒడ్డునుంచి లేచిన హెలికాప్టర్ పోవడానికీ, రావడానికీ, ఓడ మీద గాల్లో నిలిచి మనిషిని పైకి లాగేసేపటికీ, ఆపైన కాస్త మిగులుకీ ఇంధనం తనే మోసుకెళ్ళాలి. అందుకే నూరూ నూటయాభై మైళ్ళు దాటిన ఓడని చాలాసార్లు అది అందుకోలేదు. ఓడే ఎదురు రావాలి. గంటకి పన్నెండున్నర మైళ్ళు పోయే ఓడ ఆరు గంటలు ఆలస్యంగా తిరిగితే పోయేది 75 మైళ్ళే అనిపిస్తుంది. అలా కాదు. ఆ ఆరు గంటల్లో 75 మైళ్ళు దగ్గరవ్వాల్సిన ఓడ 75 మైళ్ళు దూరమైంది. తేడా 150 మైళ్ళు. అంటే ఆరు గంటల ఈమెయిళ్ళకి రోగి పన్నెండు గంటలు చెల్లిస్తాడు.

మనం చేయలేని పనేమీ కాదని నాకు ధైర్యమిచ్చేది 2018 నాటి సంగతి. నేవీ కమాండర్ అభిలాష్ టామీ ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఉన్నాడు. సెప్టెంబర్ 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను ఆయన తెరచాప పడవ ‘తురీయ’ని బోర్లించి, తెరచాప కొయ్యని విరగ్గొట్టింది. ఆయన వెన్ను దెబ్బతింది, లేవలేడు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి అక్కడినుంచి దాదాపు 1,900 నాటికల్ మైళ్ళు. ఏ హెలికాప్టరూ అందుకోలేని చోటు. పడుకున్న చోటినుంచే చిన్న శాటిలైట్ పరికరంలో నాలుగు ముక్కలు కొట్టాడు. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా రక్షణ కేంద్రం పగ్గాలు అందుకుంది. మారిషస్ నుంచి మన నేవీ పీ-8ఐ విమానం వెళ్ళి పడవని చూసొచ్చింది. ఆస్ట్రేలియా విమానమూ వెళ్ళింది. ఆ చుట్టుపక్కల తిరిగే ఫ్రెంచి మత్స్య గస్తీ నౌక ఒసిరిస్ సెప్టెంబర్ 24న చేరి, రబ్బరు బోట్లు దింపి, ఆయన్ని స్ట్రెచర్ మీద ఎక్కించుకుంది. ఆమ్‌స్టర్‌డామ్ అనే చిన్న ద్వీపంలో ఫ్రెంచివాళ్ళ డాక్టరు చూశాడు. అక్కడినుంచి ఐఎన్ఎస్ సాత్పురా తీసుకొచ్చి అక్టోబర్‌లో మన విశాఖపట్నంలోనే దింపింది. నాలుగేళ్ళ తర్వాత మొదలైన అదే పందెంలో ఆయన మళ్ళీ దిగి, 2023లో రెండో స్థానంలో గట్టెక్కాడు.

మూడు దేశాలవాళ్ళు, రెండు దేశాల విమానాలు, ఎవరి జెండానో మోసే గస్తీ నౌక. ఇంత యంత్రాంగం కదలడానికి కారణం ఆయన పేరున్నవాడు కావడమే అని కొందరంటారు. ఎంతో కొంత నిజం ఉండొచ్చు. నాకు కనబడే అసలు కారణం వేరు. ఆయనకీ రక్షణ కేంద్రానికీ మధ్య చార్టరర్ లేడు, ఏజెంటు లేడు, ‘ఖర్చు ఆమోదం కోసం వేచి ఉన్నాం’ అనే ఈమెయిల్ లేదు. సందేశం వచ్చిన రోజే తెలియాల్సినవాళ్ళందరికీ తెలిసింది.

అగ్నిప్రమాదంలోనో, మునకలోనో మన తీరంలోని ఓడలకీ ఇదే జరుగుతుంది. 2019 ఆగస్టు 12న విశాఖ తీరంలో కోస్టల్ జాగ్వార్ తగలబడినప్పుడు 29 మంది నీళ్ళలోకి దూకితే 28 మందిని తీశారు. 2025 మేలో కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగిపోతే 24 మందీ క్షేమంగా బయటపడ్డారు. నిప్పు, నీరు అందరికీ కనబడతాయి కాబట్టి ఎవరూ అనుమతి అడగరు. కడుపులో పగిలిన అపెండిక్స్, ఛాతీలో పట్టేసిన నొప్పి కనబడవు. అక్కడే కెప్టెన్ చెయ్యి ఫోన్ మీద ఆగిపోతుంది.

చట్టం ఆయన్ని ఆపడం లేదు సుమా. సోలాస్ అనే అంతర్జాతీయ సముద్ర ప్రాణరక్షణ ఒప్పందం ఐదో అధ్యాయంలో 34-1 నిబంధన సూటిగా ఉంది: ప్రాణరక్షణ కోసం కెప్టెన్ తన వృత్తి వివేకంతో తీసుకునే నిర్ణయానికి యజమానిగానీ, చార్టరర్‌గానీ, కంపెనీగానీ అడ్డు రాకూడదు. ప్రాణం కాపాడ్డానికి దారి మళ్ళడం సరుకు ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టు కాదని 1924 నాటి హేగ్ నియమాలే చెప్పాయి. జబ్బుమనిషిని దింపడానికి మళ్ళిన ఖర్చు సాధారణంగా ఓడ యజమానులు కలిసి నడుపుకునే పీ అండ్ ఐ క్లబ్ బీమా భరిస్తుంది. ఇవన్నీ కెప్టెన్లకి తెలుసు. తెలిసీ ముందు కంపెనీకి ఫోన్ చేస్తారు, ఎందుకంటే వచ్చే కాంట్రాక్టు ఇచ్చేది కంపెనీ. ఎంఆర్‌సీసీకి చెప్పడమంటే రచ్చ చేయడమనీ, ప్రాణాపాయంలో ఇచ్చే ‘మేడే’ పిలుపు అరిచినంత పని అనీ ఒక భయం మా వృత్తిలో పాతుకుపోయింది. వైద్య అత్యవసరానికి ‘పాన్-పాన్’ అనే పిలుపు వేరే ఉంది. అదీ పరీక్షల కోసం చదివి మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

అందుకే నేనడిగే నిబంధన ఇది. ఓడ ఏ డాక్టరు దగ్గర, ఏ సేవ దగ్గర వైద్య సలహా కోరినా సరే, ఆ మొదటి సందేశం నకలు అదే క్షణాన ఆ ప్రాంతపు ఎంఆర్‌సీసీకి వెళ్ళాలి. సాయం అడగనక్కర్లేదు. ‘ఫలానా చోట ఉన్నాం, ఫలానా లక్షణాలతో ఒకడున్నాడు, ప్రస్తుతానికి సమాచారం కోసం’ అంటే చాలు. భారత జెండా ఓడలకి తప్పనిసరి చేయండి. మన నావికుల్ని విదేశీ ఓడలకి పంపే లైసెన్సు ఏజెన్సీలకి షరతుగా పెట్టండి. ముంబై, చెన్నై, పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) కేంద్రాల్లో డ్యూటీలో ఉన్న అధికారి అప్పటినుంచే చార్టు మీద ఒక చుక్క పెట్టుకుంటాడు. ఎక్కడ ఏ నౌక ఉంది, ఎప్పటికి ఎక్కడ కలవొచ్చు అని లెక్క వేసుకుంటాడు. నకలు పంపడం అందరికీ తప్పనిసరి అయితే పంపిన కెప్టెన్ ఎవరికీ వింతగా కనబడడు. కంపెనీకి అతన్ని ‘ఎందుకు చెప్పావ్’ అని అడిగే వీలుండదు. నా ఉద్దేశంలో ఈ నిబంధన వల్ల జరిగే అసలు మేలు ఇదే.

దీని వెనకే రావాల్సింది డాక్టరు. రోమ్‌లో సీఐఆర్ఎం అనే సంస్థ 1935 నుంచి ఏ దేశపు ఓడకైనా ఉచితంగా రేడియో వైద్య సలహా ఇస్తోంది. దాని మొదటి అధ్యక్షుడు రేడియో మార్కోనీయే. 46 లక్షల చదరపు కిలోమీటర్ల రక్షణ ప్రాంతానికి బాధ్యత వహిస్తూ, మూడు లక్షల పైచిలుకు నావికుల్ని ప్రపంచానికి ఇస్తున్న దేశం మనది. మీ మూడు కేంద్రాల పక్కనే, ఇరవై నాలుగు గంటలూ ఓడ మనిషి గొంతు విని మాట్లాడే డాక్టర్ల బల్ల ఉండాలి. ఫారం నింపించుకుని నాలుగు గంటలకి జవాబిచ్చే పద్ధతి చాలదు. తూర్పు తీరానికి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలాంటి చోటినుంచి ఎమర్జెన్సీ వైద్యుల్ని వంతులవారీగా కూర్చోబెట్టడం అసాధ్యమేమీ కాదు.

మనవాళ్ళే ఎందుకంటే, ఒక్క ఉదాహరణ చెప్తాను. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతలా పాతుకుపోయిందో దేశానికంతా తెలుసు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఓడ బీరువాలో ఒంటినొప్పికి ముందు చేతికొచ్చేవి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ రకం మాత్రలు. కిడ్నీలు అప్పటికే బలహీనపడ్డ మనిషికి అవి చెరుపు చేస్తాయి. ఇంజిన్ రూమ్ వేడిలో చెమటోడ్చి ఒంట్లో నీళ్ళు తగ్గినవాడికి మరీను. ఎక్కడో దూరదేశంలో ఉన్న డాక్టరుకి ఉద్దానం అంటే ఏం తెలుస్తుంది? మన డాక్టరైతే ‘ఏ ఊరయ్యా నీది?’ అని ముందు అడుగుతాడు. పైగా ఇంజిన్ రూమ్‌లో పనిచేసే మోటర్‌మన్‌కి, డెక్ మీద కింది స్థాయి నావికుడైన ఓఎస్‌కి నొప్పి చెప్పుకోవడానికి తన భాష కావాలి. మధ్యలో సెకండ్ ఆఫీసర్ ఇంగ్లీషులోకి మారుస్తుంటే సగం అక్కడే రాలిపోతుంది.

మంచి డాక్టరు మీ పైలట్లకి కూడా రక్ష. 2024 సెప్టెంబర్ 2 రాత్రి పోర్‌బందర్ దగ్గర, హరి లీల అనే ట్యాంకర్‌లో గాయపడ్డ నావికుణ్ణి తీసుకురావడానికి వెళ్ళిన కోస్ట్‌గార్డ్ ధ్రువ్ హెలికాప్టర్ సముద్రంలో పడింది. నలుగురిలో ముగ్గురు పోయారు. వాళ్ళలో ఒక పైలట్ దేహం దొరకడానికి నెల పైనే పట్టింది. మాకోసం వచ్చి పోయినవాళ్ళు వాళ్ళు. ఆ రాత్రి నిర్ణయం గురించి నేనేమీ అనను, అనే అర్హత నాకు లేదు. నేననేది రాబోయే రాత్రుల గురించి. రాత్రిపూట, గాలిలో, ఊగే డెక్ మీదకి వైరు దింపడం ఎలాంటిదో కింద నిలబడి చూసినవాడికి తెలుస్తుంది. ఆ వైరు చివరి కొక్కేన్ని ముందు డెక్‌కి తగలనివ్వాలి, స్థిర విద్యుత్తు దిగాకే ముట్టుకోవాలి. పొరపాటున కూడా దాన్ని ఓడలో దేనికీ తగిలించకూడదు, తగిలిస్తే హెలికాప్టర్‌ని ఓడకి కట్టేసినట్టే. ‘ఈ మనిషి తెల్లారేదాకా ఆగగలడు’ అనో ‘ఆగలేడు, ఇప్పుడే కావాలి’ అనో రోగితో మాట్లాడి తేల్చే డాక్టరుంటే, పైలట్లు ప్రాణాలొడ్డే ప్రతి రాత్రికీ తగిన కారణం ఉంటుంది.

ఇక ఒడ్డుకి చేరాక. కోవిడ్ కాలంలో దేశాలు రేవులు మూసేసినప్పుడు నాలుగు లక్షల మంది నావికులు ఓడల్లో ఇరుక్కున్నారు. జబ్బుపడ్డవాళ్ళని కూడా దించుకోని రేవులున్నాయి. ఆ అనుభవంతోనే సముద్ర కార్మిక ఒప్పందాన్ని 2022లో సవరించారు. తక్షణ వైద్యం కావాల్సిన నావికుణ్ణి వెంటనే దించి ఆసుపత్రికి చేర్చే బాధ్యత ఇప్పుడు ప్రభుత్వాలదే. ఆ సవరణ 2024 డిసెంబర్ 23 నుంచి అమల్లో ఉంది. భారత్ 2015లోనే ఈ ఒప్పందంలో చేరింది. అయినా స్ట్రెచర్ జెట్టీ మీదకొచ్చాక పాస్ కోసం అంబులెన్స్ గేటు దగ్గర నిలబడ్డ దృశ్యం నేను చూశాను, ఏ రేవో చెప్పను. రోగి పాస్‌పోర్టు, సీడీసీ అనే నావికుడి సర్వీసు పుస్తకం, వైద్య నివేదిక ఒక కవర్లో పెట్టి అతని లైఫ్‌జాకెట్‌కి కట్టాలని మేం నేర్చుకున్నాం. మిగతా కాగితాలు ఆసుపత్రిలో చేరాక చూసుకోవచ్చని గేటు దగ్గరివాళ్ళకి మీరు నేర్పించండి.

మావాళ్ళ తప్పు కూడా ఒకటుంది, దాచి లాభం లేదు. అప్పుచేసి, ఓడలో ఉద్యోగం ఇప్పించే ఏజెంటుకి కట్టి ఓడెక్కిన కుర్రాడు నొప్పి చెప్పడు. చెప్తే దించేస్తారు, దించితే జీతం ఆగిపోతుంది, వడ్డీ ఆగదు. జబ్బుతో దిగినవాడికి నయమయ్యేదాకా జీతం పూర్తిగానో కొంతగానో రావాలని, దానికి గడువు పెట్టినా పదహారు వారాలకి తగ్గకూడదని అదే ఒప్పందంలో ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది ఓడెక్కే ముందు జరిగే కోర్సుల్లో, అదీ తెలుగులో, ఒడియాలో, తమిళంలో.

ఇళ్ళ సంగతి. ఏజెంటు దగ్గర్నుంచి ఇంటికొచ్చే ఫోన్ ‘మీవాడికి కొంచెం ఒంట్లో బాగోలేదంట’ అనే ముక్కతో ఆగిపోతుంది. మా ఫిట్టర్ వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, “మావోడు ఇప్పుడు ఏ ఊర్ల ఉన్నాడు బాబూ?” ఏ ఊరని చెప్పను? అక్షాంశం, రేఖాంశం చెప్పాలా? ముంబైలో డైరెక్టరేట్‌కి రాత్రీపగలూ నడిచే కమ్యూనికేషన్ సెంటర్ ఉందని, ఆ నంబరు ఇదని మా ఊళ్ళలో అడగండి, ఎంతమందికి తెలుసో. మెడికల్ తరలింపు మొదలైన ప్రతిసారీ కుటుంబంలో ఒకరికి ఆ సెంటర్ నుంచే, వాళ్ళ భాషలోనే ఫోన్ వెళ్ళాలి. ఓడ ఎక్కడుంది, ఎటు వస్తోంది, ఏ ఆసుపత్రి. ఈ మూడూ చాలు.

చేపలవేటకి పోయేవాళ్ళని నేను మరిచిపోలేదు. వాళ్ళ కష్టం మాకన్నా పెద్దది, దానికి వేరే ఉత్తరం కావాలి. ఒక్క సంగతి మాత్రం ఇక్కడ చెప్పాలి: ఇస్రో తయారుచేసిన ఆపద ట్రాన్స్‌మిటర్ కొత్త రకంలో, బటన్ నొక్కినవాడికి ‘నీ కబురు అందింది’ అని తిరుగు సందేశం వస్తుంది. ఫైబర్ బోటులో ఉన్నవాడికి అంత ధైర్యం ఇవ్వగలిగిన మీరు, నలభై వేల టన్నుల ఓడలో మంచం మీద ఉన్నవాడికి కూడా ఇవ్వగలరు.

చివరిగా ఒక కోరిక. ప్రతి వైద్య తరలింపుకీ నాలుగు సమయాలు రాసి, పేర్లు తీసేసి, ఏడాదికోసారి ప్రకటించండి: లక్షణాలు మొదలైంది ఎప్పుడు, ఎంఆర్‌సీసీకి తెలిసింది ఎప్పుడు, ఓడ తిరిగింది ఎప్పుడు, రోగి ఆసుపత్రి చేరింది ఎప్పుడు. మొదటి రెండిటి మధ్య ఎన్ని గంటలున్నాయో చూశాక, నా మాట నమ్మాలో లేదో మీరే తేల్చుకోండి. సర్క్యులర్ గనక వస్తే హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ వేయించండి. దాన్ని ప్రతి మెస్ రూమ్ నోటీసు బోర్డు మీదకీ, మా మండలాల్లో ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీదకీ చేర్చే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఓడెక్కిన ఒక సెకండ్ ఆఫీసర్
విశాఖపట్నం